సూటు నలగలేదు కదా

మార్చి 11, మంగళవారం

ఈ రోజు గురించి రాయబుద్ధి కావడం లేదు. సాయంత్రం తమ్ముడు డెస్ టీవీలో బాగా మాట్లాడాడు. బూడిదరంగు సూటు వాడికి బాగా నప్పింది.

మార్చి 12, బుధవారం

జెమ్మా ఓగ్డెన్‌కి ప్రాణాపాయం లేదట. కాలు విరిగింది, తలకు కుట్లు పడ్డాయి. ఏం జరిగిందో గుర్తు లేదంటోందట. ఏడేళ్ల పిల్లకి అలాంటివి గుర్తు లేకపోవడమే మంచిది.

టానర్ వీధిలో స్కూలు పిల్లల్ని రోడ్డు దాటించేది నేను. మా ఆయన వాల్టర్ ఉన్నప్పటి నుంచీ నేనే. పసుపు కోటు వేసుకుని, చివర గుండ్రటి పలక ఉన్న పొడవాటి కర్ర పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడ్డానంటే బస్సయినా, లారీ అయినా, మేయరు గారి కారయినా ఆగి తీరాలి. అది చట్టం. పిల్లలు ఆ కర్రని లాలీపాప్ అంటారు, నన్ను లాలీపాప్ ఆంటీ అంటారు. నిన్న స్కూలు వదిలాక జెమ్మా ఒక్కతే రోడ్డు మీదకి పరుగెత్తింది. ఏదో బండి గుద్దింది.

పొద్దున కానిస్టేబుల్ వచ్చాడు. అప్పుడు నా చుట్టూ పిల్లలు గుమిగూడి ఉన్నారనీ, అటువైపు చూడలేదనీ చెప్పాను. రాసుకున్నాడు. టీ తాగాడు. బిస్కెట్లు కూడా తిన్నాడు.

మార్చి 14, శుక్రవారం

చేపలూ చిప్స్ కొందామని వెళ్తే ఐరీన్ కౌంటర్ వెనక నుంచే మొదలుపెట్టింది.

"గుద్దింది ఆ షౌకత్ టాక్సీయే. కేక వినపడి బయటికొచ్చా. పిల్ల వాడి బండి ముందు పడుంది. వాడు ఎత్తి లోపల వేసుకుంటున్నాడు."

"హాస్పిటల్‌కి తీసుకెళ్లింది కూడా అతనేగా" అన్నాను.

"గుద్దినవాడు తీసుకెళ్లక చస్తాడా? అయినా నువ్వక్కడే ఉన్నావుగా, నన్నడుగుతావేం?"

"వెనిగర్ కొంచెం ఎక్కువ వెయ్యి" అన్నాను.

మార్చి 16, ఆదివారం

ఇది ఎవరూ చదవరు. ఇక్కడైనా ఉన్నదున్నట్టు రాయాలి.

ఆ రోజు పిల్లలు చాలావరకు దాటేశారు. టీవీకి వేసుకోవాల్సిన డెస్ సూటు వీధి మూలన డ్రైక్లీనింగ్ షాపులో ఉంది. మంగళవారం వాళ్లు తొందరగా మూసేస్తారు. కర్ర స్కూలు గేటుకి ఆనించి, ఒక్క ఉరుకులో వెళ్లి వచ్చేద్దామనుకున్నాను. సూటు చేతిమీద వేసుకుని షాపు గుమ్మంలోకి వచ్చేసరికి ఒక తెల్ల వ్యాను జెమ్మాని గుద్దింది. ఆగలేదు. దాని వెనక వస్తున్న షౌకత్ బ్రేకు వేసి, కారు తలుపు కూడా మూయకుండా దూకి పిల్లని ఎత్తుకున్నాడు. ఐరీన్ బయటికి వచ్చింది ఆ తర్వాతే.

నేను చెబితే, మరి నువ్వెక్కడున్నావు అని అడుగుతారు. ఉద్యోగం పోతుంది. ఓగ్డెన్ వాళ్ల ఎదటపడటం ఎలా?

వాల్టర్‌ని ఆఖరి ఏడాది హాస్పిటల్‌కి తిప్పింది షౌకతే. వెళ్లేటప్పుడు మామూలుగా మీటరు వేసేవాడు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం "మీటరు పాడైంది టాటర్‌సాల్ గారూ" అనేవాడు. ఏడాది పొడుగునా ఆ మీటరు ఇంటికి వచ్చే దారిలోనే పాడయ్యేది.

పోలీసులు ఎలాగూ తేలుస్తారు. వాళ్ల పని అదేగా. నేను అబద్ధం చెప్పలేదు, కొంచెం తక్కువ చెప్పాను.

మార్చి 21, శుక్రవారం

డెస్ భోజనానికి వచ్చాడు. ప్రతి శుక్రవారం వస్తాడు. 'మహల్' హోటల్ నుంచి మటన్ మద్రాస్ కూర, పెద్ద గిన్నె అన్నం నా పేరు మీద తెప్పించాలి. ఆల్బియన్ లీగ్ అభ్యర్థి ఇంటికి పాకిస్తానీ వాళ్ల వంట వెళ్తోందని జనానికి తెలియకూడదట. వాడి దేశభక్తికి శుక్రవారం సెలవు.

మొన్నటిదాకా ఆ లీగ్ అంటే పబ్బు మేడమీద బీరు తాగుతూ దేశం పాడైపోయిందని వాపోయే నలుగురైదుగురు. వాల్టర్ వాళ్లని చూసి పగలబడి నవ్వేవాడు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. కౌన్సిల్ ఎన్నికల్లో మా వార్డుకి డెస్ నిలబడుతున్నాడు.

"అక్కా, ఆ టాక్సీవాడు గుద్దింది నీ రోడ్డు మీదేగా?"

"టాక్సీ అని ఎవరన్నారు?"

"ఊరంతా అంటోంది."

"ఊరంతా అక్కడ లేదు."

"నువ్వున్నావుగా. నువ్వేం చూశావ్?"

అప్పుడు చెప్పి ఉండొచ్చు. వాడు నా తమ్ముడు, ఎదురుగా కూర్చుని ఉన్నాడు, ఇంట్లో ఇంకెవరూ లేరు. "ఏమీ చూడలేదు" అన్నాను.

చెంచా ఆపి నా మొహంలోకి చూశాడు. నేను అబద్ధమాడితే వాడికి ఇట్టే తెలిసిపోతుంది, పెంచింది నేనేగా. "సరే, అలాగే ఉండు. నువ్వేం చెప్పక్కర్లేదు. మాట్లాడే పని నాది" అన్నాడు. అన్నం గిన్నె తనవైపు లాక్కున్నాడు.

ఏప్రిల్ 5, శనివారం

మార్కెట్ దగ్గర డెస్ మీటింగు. వెళ్లకూడదనుకుని వెళ్లాను.

అమ్మ పోయేటప్పటికి వాడు బొత్తిగా చిన్నవాడు. నోరు తెరిస్తే మాట మొదట్లోనే ఇరుక్కుపోయేది. 'మ' మరీ కష్టం. రోజూ సాయంత్రం అద్దం ముందు నిలబెట్టి పేపర్లో ఫుట్‌బాల్ స్కోర్లు చదివించేదాన్ని. వాడు ఇరుక్కున్నప్పుడల్లా నేను చప్పుడు చేయకుండా పెదవులు కదిపేదాన్ని. అది చూసి మాట బయటికి తోసేవాడు. వాడు మొదటిసారి తడబడకుండా మాంచెస్టర్ అన్న రోజున ఇద్దరం ఐస్‌క్రీమ్ తిన్నాం.

ఈ రోజు వాడి గొంతు మార్కెట్ అంతా వినపడింది.

"మా సొంత అక్క ఆ రోడ్డు మీద నిలబడుతుంది. మీ పిల్లల చెయ్యి పట్టుకుని దాటిస్తుంది. ఆ రోజు తను ఏం చూసిందో నేను చెప్పను. ఆవిడకి ఈ ఊళ్లో బతకాలని ఉంది. నేను చెప్పకపోయినా మీకు తెలుసు."

చప్పట్లు. నా పక్కనున్న ముసలాయన నన్ను గుర్తుపట్టి భుజం తట్టాడు. "ధైర్యంగా ఉండమ్మా" అన్నాడు. నేను తలూపాను.

కరపత్రం మీద పసుపు కోటులో నా ఫోటో. కింద, 'మన పిల్లల్ని ఎవరు కాపాడతారు?' అని పెద్ద అక్షరాలు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఫోటోలో నా జుట్టు బాగా కుదిరింది. సిగ్గులేకుండా అది కూడా గమనించాను.

ఏప్రిల్ 9, బుధవారం

షౌకత్ మీద కేసు పెట్టడానికి సాక్ష్యం చాలదని పోలీసులు వదిలేశారు. కానీ విచారణ అయ్యేదాకా టాక్సీ నడపకూడదని కౌన్సిల్ వాళ్లు అతని బ్యాడ్జీ తీసుకున్నారు. ఆ బ్యాడ్జీ లేకపోతే కారులో ఒక్క మనిషిని కూడా ఎక్కించుకోవడానికి లేదు.

విచారణలో అంతా తేలిపోతుంది. అందుకేగా విచారణ పెట్టేది.

మే 2, శుక్రవారం

గెలిచాడు. స్విమ్మింగ్ పూల్ పక్క హాల్లో లెక్కింపు. కౌన్సిలర్ డెస్మండ్ రాస్ట్రిక్ అని ప్రకటించగానే జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికే వచ్చాడు. "అమ్మ చూసుంటే ఎంత బాగుండేదక్కా" అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నా కన్నీళ్లు నిజమైనవే. అది ఇంకా సిగ్గుచేటు.

మే 13, మంగళవారం

షౌకత్ ఇంటి ముందు కిటికీలోంచి ఎవరో ఇటుక విసిరారు. మనుషులకి ఏమీ కాలేదు.

మే 14, బుధవారం

వాళ్లకి ఇద్దామని ఆపిల్ పై చేశాను. పైన పిండితో ఆకులు కూడా చేసి పెట్టాను, పండక్కి చేసినట్టు. అట్ట అతికించిన వాళ్ల కిటికీ చూస్తూ గుమ్మం దాకా వెళ్లాక గుర్తొచ్చింది, పిండిలో పంది కొవ్వు కలిపానని. అమ్మ చేసే పద్ధతి అది, చెయ్యి దానంతట అదే వేసేస్తుంది. ఇన్నేళ్లు ఒకే వీధిలో ఉండి నాకు ఆ మాత్రం తట్టలేదు.

వెనక్కి తెచ్చుకుని నేనే తిన్నాను. రెండు రోజులు వస్తుంది.

జూన్ 19, గురువారం

విచారణ. టాక్సీ బ్యాడ్జీల సంగతి తేల్చేది ముగ్గురు కౌన్సిలర్లు. ఆ ముగ్గురిలో ఒకడు మా డెస్. నువ్వు తప్పుకోవాలేమో అన్నాను నిన్న. "ఎందుకు? నువ్వేం చూడలేదన్నావుగా, ఇందులో మన ఇంటి సంగతేముంది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

షౌకత్ తరఫు లాయరు నన్ను పిలిస్తే పిలవచ్చు అన్నారు. బయట బెంచీ మీద కూర్చున్నాను. పిలిస్తే చెప్పేద్దామని నిజంగానే అనుకున్నాను. పొద్దున స్నానం చేస్తూ ఆ మాటలు పైకి అని చూసుకున్నాను కూడా. కొంతసేపటికి గుమాస్తా అమ్మాయి బయటికి వచ్చింది.

"మీరు పోలీసులకి చెప్పింది వాళ్ల దగ్గరుందండీ. మిమ్మల్ని పిలవక్కర్లేదన్నారు. మీరు వెళ్లిపోవచ్చు."

"థాంక్స్ అమ్మా" అన్నాను.

లేచి తలుపు తోసి లోపలికి వెళ్లొచ్చు. ఆ తలుపుకి తాళం లేదు. థాంక్స్ అని బస్సెక్కి ఇంటికి వచ్చాను.

బ్యాడ్జీ రద్దు చేశారు.

జూన్ 20, శుక్రవారం

మటన్ మద్రాస్ నాకు సయించలేదు. డెస్ నాది కూడా తిన్నాడు.

ఆగస్టు 30, శనివారం

ఆల్బియన్ లీగ్ పాత నాయకుణ్ణి దింపేసి డెస్‌ని ఎక్కించారు. దేశం మొత్తానికి. అన్ని పేపర్లలో వాడి మొహమే. ఎక్కడ మాట్లాడినా జెమ్మా సంగతి, నా సంగతి. జెమ్మా కర్రల సాయంతో నడుస్తోంది. వాడు ఒక్కసారి కూడా వెళ్లి ఆ పిల్లని చూడలేదు.

నేను వెళ్లాను. ఓగ్డెన్ వాళ్లావిడ నన్ను కౌగిలించుకుని "మీ తమ్ముడు మా కోసం చాలా చేస్తున్నారు" అంది. ఆవిడ భుజం మీద నుంచి గోడగడియారం వంక చూస్తూ నిలబడ్డాను.

సెప్టెంబరు 23, మంగళవారం

స్కూలు తెరిచినప్పటి నుంచి షౌకత్ మనవరాలు హిబాని నడిపించుకుని వస్తున్నాడు. ఇదివరకు టాక్సీలో దింపేవాడు. నేను కర్ర ఎత్తుతాను, వాళ్లు దాటతారు, హిబా చెయ్యి ఊపుతుంది, అతను నేలచూపులు చూస్తూ వెళ్లిపోతాడు. అలాగే సాగిపోతుందనుకున్నాను.

ఈ రోజు వాన. హిబా ముందు పరుగెత్తింది. అతను రోడ్డు మధ్యలో నా పక్కన ఆగాడు.

"ఆ రోజు సూటు నలగలేదు కదా, టాటర్‌సాల్ గారూ?"

వెటకారం లేదు. మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగినట్టే అడిగాడు.

"చూశారా?" అన్నాను.

"పిల్లని ఎత్తుతూ తల తిప్పా. షాపు గుమ్మంలో మీరు. ప్లాస్టిక్ కవర్లో సూటు."

"మరి పోలీసులకి..."

"వ్యాను సంగతి చెప్పా. మీ సంగతి కూడా చెబితే మీ ఉద్యోగం పోయేది. వాల్టర్ గారు పోయాక మీకు ఈ పిల్లలే లోకం అని నాకు తెలుసు. రెండు రోజులు చూద్దాం, ఆవిడే చెప్తుంది అనుకున్నా. మా ఆవిడ రోజూ అడిగేది, చెప్పిందా, చెప్పిందా అని. ఆవిడ మంచిది, చెప్తుందిలే అనేవాణ్ణి." వెనక కార్లవాళ్లు హారన్లు మోగిస్తున్నారు. "తర్వాత నేనే చెబుదామంటే, తప్పించుకోవడానికి ఆడదాని మీద తోస్తున్నాడంటారు. ఇంక ఎవరు నమ్ముతారు? ఇప్పుడు రాత్రిపూట బిస్కెట్ల ఫ్యాక్టరీలో చేస్తున్నా. పర్లేదు."

అతను వెళ్లిపోయాక కూడా నేను అలాగే నిలబడ్డాను. దాటే పిల్లలెవరూ లేరు. బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి "ఏంటమ్మా, ఇవాళ మమ్మల్ని పోనిస్తావా?" అన్నాడు.

సెప్టెంబరు 24, బుధవారం

చెప్తుందిలే అన్నాడట. రోజూ.

సెప్టెంబరు 26, శుక్రవారం

వచ్చేవారం బ్లాక్‌పూల్‌లో లీగ్ మహాసభ. నన్ను స్టేజీ ఎక్కమన్నాడు డెస్. పసుపు కోటుతో, కర్రతో.

"నువ్వేం మాట్లాడక్కర్లేదక్కా. అలా నిలబడితే చాలు. టీవీ వాళ్లందరూ వస్తారు."

"మాట్లాడితే?"

"నీ ఇష్టం. రెండు ముక్కలు చెప్పు. ఏడుపొస్తే ఏడు."

సరే అన్నాను. టీవీ వాళ్ల ముందు అయితే వాడు నా నోరు నొక్కలేడు. అక్కడే చెప్పేస్తాను. ముందు వాడికి ఇంట్లో చెబితే నన్ను మాటల్లో తిప్పేస్తాడు. ఇందులో కొంచెం పిరికితనం ఉంది. అయినా చెప్తాను.

అక్టోబరు 4, శనివారం

బ్లాక్‌పూల్. హోటల్ హాలు, వెలిసిపోయిన ఎర్ర తివాచీ. నాలాంటి వాళ్లే అందరూ, ఇంట్లో ఇస్త్రీ చేసుకుని వచ్చిన బట్టలు, మందుబిళ్లల డబ్బాలు, ఫ్లాస్కులు. వాళ్లు రాక్షసుల్లా ఉంటే నాకు తేలికగా ఉండేది. ఒకావిడ నాకు తన కుర్చీ ఇచ్చింది.

డెస్ నన్ను పిలిచాడు. కోటు వేసుకుని కర్రతో మైకు దగ్గరికి వెళ్లాను. నిలబడి చప్పట్లు కొట్టారు. అవి ఆగేదాకా ఆగాను.

"ఆ రోజు నేను రోడ్డు మీద లేను" అన్నాను. "డెస్ సూటు తేవడానికి షాపుకి వెళ్లాను. పిల్లని గుద్దింది తెల్ల వ్యాను. షౌకత్ కాదు. అతను కాపాడాడు. నేను కళ్లారా చూశాను. చూసి కూడా చెప్పలేదు."

డెస్ మైకు ముందుకి వచ్చాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. నలభై ఏళ్ల తర్వాత మళ్లీ 'మ' దగ్గర ఇరుక్కుపోయాడు. "మ... మ..." మెడ నరాలు ఉబ్బాయి. టీవీ లైట్లన్నీ వాడి మొహం మీదే. జనంలోకి చూడలేదు, మైకుని చూడలేదు. చిన్నప్పటిలా నావైపు చూశాడు.

నా పెదవులు కదిలాయి. నేను కదపలేదని రాయాలని ఉంది కానీ ఇక్కడ కూడా అబద్ధం రాయలేను. కదిపాను. చప్పుడు లేకుండా 'మా అక్క' అన్నాను. వాడు అందుకున్నాడు.

"మా అక్కని బెదిరించారు" అన్నాడు. ఇంక ఆగలేదు. "చూశారుగా, ఒంటరి ఆడదాన్ని భయపెట్టి ఏం మాట్లాడిస్తున్నారో! ఆ వీధిలో ఎవరు ఉంటారో మీకు తెలీదా? మా అక్కకి జరిగింది రేపు మీ అక్కకి జరుగుతుంది."

హాలంతా లేచి నిలబడింది. నాకు కుర్చీ ఇచ్చినావిడ ఏడుస్తోంది. నేను మైకు అందుకుని కాదు, కాదు అన్నాను. ఆ గోలలో నాకే వినపడలేదు. డెస్ నా భుజాల చుట్టూ చెయ్యి వేసి దించాడు. మెల్లగా, మెట్లు చూసుకోమంటూ దించాడు.

ఆ మాట వాడి నోట్లో పెట్టింది నేనే.

అక్టోబరు 6, సోమవారం

పోలీస్ స్టేషన్‌కి వెళ్లి అంతా చెప్పాను. ఆ వెంటనే కౌన్సిల్ ఆఫీసుకి వెళ్లి కోటు, కర్ర అప్పజెప్పాను. డ్రైక్లీనింగ్ షాపావిడకి కూడా నేను వచ్చినట్టు గుర్తుందట. ఆవిడని ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు.

అక్కడి నుంచి ఓగ్డెన్ వాళ్లింటికి. జెమ్మా తల్లి గుమ్మంలోనే నిలబెట్టింది.

"నువ్వు రోడ్డు మీద ఉండుంటే?"

"తగిలేది కాదు."

తలుపు వేసింది. గట్టిగా కూడా వేయలేదు.

అక్టోబరు 10, శుక్రవారం

డెస్ రాలేదు.

అక్టోబరు 31, శుక్రవారం

రాలేదు. కొత్త కరపత్రం మాత్రం వచ్చింది, అందరిళ్లకీ వేసినట్టే మా తలుపు సందులోంచి వేశారు. దాని మీద కూడా నా ఫోటోయే. 'ఈమె నోరు మూయించారు' అని కింద. పార్లమెంటుకి నిలబడతాడంటున్నారు. గెలుస్తాడేమో కూడా.

నవంబరు 14, శుక్రవారం

షౌకత్ బ్యాడ్జీ తిరిగి ఇచ్చారని ఐరీన్ చెప్పింది. "నేను అప్పుడే అనుకున్నా, అతను అలాంటి మనిషి కాదని" అంది. వెనిగర్ తనే ఎక్కువ వేసింది.

వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడగాలి. ఏం చెప్పాలో అనుకుంటున్నాను. రేపు వెళ్తాను.

నవంబరు 18, మంగళవారం

వెళ్లలేదు.

నవంబరు 25, మంగళవారం

పోస్టాఫీసుకి వెళ్దామని బయల్దేరి, ఏదో ఆలోచిస్తూ స్కూలు వదిలే వేళకి టానర్ వీధిలోకి వచ్చాను. నా చోట కొత్తావిడ ఉంది, చిన్న వయసే. కోటు గుండీలు పెట్టుకోలేదు కానీ కర్ర నిటారుగా పట్టుకుంటోంది. పిల్లలు అప్పుడే ఆవిణ్ణి లాలీపాప్ ఆంటీ అంటున్నారు. నన్ను చూసి "రండమ్మా, దాటండి" అని రోడ్డు మధ్యలోకి వెళ్లి కర్ర ఎత్తింది.

అన్నిటికంటే ముందు ఆగింది షౌకత్ టాక్సీ. వెనక సీట్లో హిబా. నన్ను చూసి అలవాటుగా చెయ్యి ఎత్తింది. అతను తల తిప్పకుండానే ఏదో అన్నాడు. ఆ పిల్ల చెయ్యి దించేసింది.

అతని ఎదురుగానే నడిచాను. స్టీరింగ్ మీద చేతులు కదల్లేదు, కళ్లు ఆ గుండ్రటి పలక మీదే ఉన్నాయి. నా ముఖం చూడక్కర్లేదు. నేను దాటేదాకా ఆగితే చాలు, చట్టం అంతే. అంతవరకూ ఆగాడు.